ఫాన్ అక్క చిప్

ఫాన్ షుమేయ్ చిప్‌ను కాజేయాలని లియావ్ పిన్‌హుంగ్ పోటీ రోజు పొద్దున్నే నిశ్చయించుకున్నాడు. అతని దృష్టిలో అది దొంగతనం కూడా కాదు. కోతి చేతిలోంచి కొబ్బరికాయ విడిపించడం.

కంప్యూటర్ ప్రాసెసర్‌ను కంపెనీ చెప్పిన వేగం దాటించి పరుగెత్తించే పోటీల్లో, తైపేయి మొత్తమ్మీద లియావ్ పేరు తెలియనివాళ్లు లేరు. చిప్ మీద రాగి గిన్నె బిగించి, అందులో పొగలు కక్కే ద్రవ నైట్రోజన్ పోస్తూ, మరోపక్క వోల్టేజి ఎక్కించుకుంటూ పోవడమే ఆట. చలి చాలకపోతే చిప్ కాలిపోతుంది. మరీ ఎక్కువైతే కొయ్యబారిపోయి మొరాయిస్తుంది. ఏది ఎంత తట్టుకుంటుందనేది దాని పుట్టుక. అదే మోడల్, అదే ధర, అయినా వేయింటికి ఒకటి మాణిక్యం, తక్కినవి గులకరాళ్లు.

ఈ ఏడు తనకు గులకరాయే దక్కిందని లియావ్ ఏడుపు. గిన్నె నిండా నైట్రోజన్ పోసి ఎంత వోల్టేజి దట్టించినా, రికార్డు అందినట్టే అంది యంత్రం ఆగిపోయి తెర నీలంగా మారిపోతోంది.

దానికి తోడు ఈ షుమేయ్ ఒకతి! నిరుడే ఈ ఆటలోకి వచ్చిన నడివయసు మనిషి. పువ్వుల ఏప్రన్, చేపల బజారును మించిన గొంతు. పొద్దుటి పోటీలో లియావ్ వెనకే రెండో స్థానంలో నిలబడింది.

నిలబడి ఊరుకోలేదు. బోబా టీ జుర్రుకుంటూ నేరుగా అతని బల్ల దగ్గరికే వచ్చింది.

"నాదేముంది తమ్ముడూ, అంతా చిప్ మహిమ! దాన్ని మా పిల్లి బిగించినా పరుగెడుతుంది."

"కనిపిస్తూనే ఉంది అక్కా," అన్నాడు లియావ్, నవ్వు మొహం పెట్టి.

ఆమె అటు వెళ్లగానే తన జట్టువాడు గావ్ వైపు తిరిగాడు. "చూశావా ఆ పోయడం? చంటిపిల్లకి మందు పట్టినట్టు చెంచాడు చెంచాడు! చలి మైనస్ వంద డిగ్రీలు దాటించే ధైర్యం లేదు దానికి. అంత పిరికి చేతుల్లోనే రెండో స్థానం వచ్చిందంటే, ఆ చిప్ ఎలాంటిదై ఉండాలి?"

"మెల్లిగా అనరా బాబూ, వింటుంది."

"వింటే మాత్రం అర్థమవుతుందా ఏమిటి?"

భోజనాల వేళకి అందరూ యంత్రాలు విప్పి, చిప్‌లు బయటికి తీసి తడి తుడుచుకున్నారు. షుమేయ్ తన చిప్‌ను చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పడేసింది. మూత కూడా సరిగ్గా నొక్కలేదు. "కోడికాళ్ల డబ్బాలు అయిపోతున్నాయర్రా!" అని హాలంతా దద్దరిల్లేలా అరిచి, భోజనాల వరసలోకి పరుగెత్తింది.

లియావ్‌కు రోత పుట్టింది. మాణిక్యాన్ని బల్లమీద వదిలేసి కోడికాలి వెంట పరుగెత్తే మనిషికి ఆ మాణిక్యం ఎందుకు?

తుడుచుకునే కాగితం కోసమన్నట్టు ఆ బల్ల దగ్గరికి వెళ్లాడు. ఆమె చిప్ అతని జేబులోకి పోయింది, అతని గులకరాయి ఆమె డబ్బాలోకి పోయింది. రెండూ కవల పిల్లల్లాగే ఉన్నాయి. మీద చెక్కిన సన్నటి అంకెల్ని చదివే ఓపిక ఆవిడకెక్కడిది? జాలిపడి మూత కూడా తనే గట్టిగా నొక్కాడు. తర్వాత తన భోజనం డబ్బాలోని పందిమాంసం ముక్కని ఎముక దాకా చీకాడు.

చివరి పోటీ మొదలైంది. లియావ్ ఎప్పటిలా గిన్నెలోకి నైట్రోజన్ దబదబా కుమ్మరించాడు. మైనస్ వంద దాటిందో లేదో, తెర నల్లబడింది. మళ్లీ వెచ్చబెట్టి మొదలుపెట్టాడు. మళ్లీ అక్కడే చచ్చింది. వోల్టేజి పెంచాడు, తగ్గించాడు, బల్లమీద గుద్దాడు. మాణిక్యం ఉలకలేదు, పలకలేదు.

అంతలో అవతల బల్ల చుట్టూ కేకలు మిన్నంటాయి. లియావ్ తలెత్తి చూశాడు. షుమేయ్ ఇప్పుడు చెంచాలతో పోయడం లేదు. గిన్నె అంచుదాకా నింపేసి, వోల్టేజిని మాత్రం పిసినారిలా కొద్దికొద్దిగా వదులుతోంది. తెర మీద వేగం ఎక్కుతూనే ఉంది. అతను అంతకాలం అందుకోలేకపోయిన రికార్డును దాటి ఇంకా పైకి పోయింది.

తను గులకరాయని తిట్టిన చిప్‌తో!

కప్పు ఆమె చేతికి వచ్చింది. అది నా చిప్ అని అరవాలనిపించింది లియావ్‌కు. అరిస్తే, మరి అది ఆమె డబ్బాలోకి ఎలా వచ్చిందని అడుగుతారు.

జనం పలచబడ్డాక ఆమె బల్ల దగ్గరికి వెళ్లాడు. ఆమె జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో బోర్డు మీది తడి ఆరబెడుతోంది.

"అభినందనలు అక్కా," అన్నాడు పళ్ల బిగువున. "నువ్వన్నట్టు... అంతా చిప్ మహిమే."

షుమేయ్ యంత్రం ఆపింది. అటూ ఇటూ చూసి, ఆ రోజుకి మొదటిసారిగా గొంతు తగ్గించింది.

"మరి? నువ్వంత వోల్టేజితో కాల్చుకుతిన్నా చావలేదంటేనే తెలిసిపోయింది నాకు, అది సామాన్యమైంది కాదని. గిన్నె నిండా పోసినా కొయ్యబారదు. నా గులకరాయి ఉందే, మైనస్ వంద దాటితే కళ్లు తేలేస్తుంది. దాంతో రెండో స్థానం తెచ్చుకునేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది."

షుమేయ్ కప్పును చంకలో పెట్టుకుంది.

"ఈ ఏడు మొదట్నుంచీ నీ చిప్ మీదే నా కన్ను. అడిగితే ఇవ్వవు. కొంటానంటే దాని విలువ పసిగట్టేస్తావు. పోనీ కొట్టేద్దామా అంటే, దొంగతనం నాకు చేతకాదు తమ్ముడూ. అందుకే ఆ పని నీకు అప్పజెప్పాను."