మూడు ఇంటూలు

టింగ్‌మంటూ మూడో పెట్టె కూడా కంప్యూటర్ తెర మీద పడింది. ఎర్రటి గుండ్రంలో తెల్లటి ఇంటూ మార్కు, పక్కన ఏదో ఫైలు దొరకలేదని ఇంగ్లీషులో ఫిర్యాదు. లక్ష్మీనరసింహం సిద్ధాంతిగారు నుదురు కొట్టుకున్నారు.

"చూశారుగా ఆశీర్వాదంగారూ. పది గంటలకి బాపట్ల నుంచి మగపెళ్ళివారొస్తున్నారు. వాళ్ళ ఎదురుగా ఇది పడిందంటే మా దివ్య పెళ్ళి గోవిందా."

ఆశీర్వాదం తెనాలిలో పాతికేళ్ళు రేడియోలు బాగుచేసి, ఆనక కంప్యూటర్లలోకి దిగిన మనిషి. పొద్దున్నే ప్యాసింజరు పట్టుకుని రేపల్లె వచ్చాడు. "ఇన్నాళ్ళూ లేని తొందర ఇవాళేంటండి?" అన్నాడు.

"పిల్లాడి తల్లి సూర్యకుమారిగారు శకునాల మనిషండి. పిల్లి ఎదురొచ్చిందని ఎక్కిన బస్సు దిగిపోయిన రకం. జాతకాలు దివ్యంగా కుదిరాయని నేను చేత్తో లెక్క కట్టి చెప్పా. ఆవిడ వినదే. ఆడపిల్ల తండ్రి అలాగే చెబుతాడు, కంప్యూటర్‌కైతే ఎవరి కూతురైనా ఒకటే అంటుంది."

"పోనీ, వాళ్ళొచ్చే ముందే ఆన్ చేసి ఉంచండి. ఈ పెట్టెలు వాళ్ళ కంట పడవు."

సిద్ధాంతిగారు వినరాని మాట విన్నట్టు చూశారు. కంప్యూటర్ కొన్ననాటి నుంచీ ఆయన పద్ధతి ఒకటే. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, వర్జ్యం లేకుండా చూసి, మంచి ఘడియలో మీట నొక్కాలి. ఒకరి కోసం వెలిగించిన యంత్రంలో ఇంకొకరి పొంతన చూడటం ఎంగిలి విస్తట్లో వడ్డించడమేనని ఆయన నమ్మకం. కన్నకూతురి పెళ్ళికి ఆ నియమం తప్పుతారా?

గుమ్మం కర్టెన్ వెనక దివ్య నిలబడి ఉంది. పెళ్ళికొడుకు భరద్వాజ వడ్లమూడిలో లెక్చరర్. పెళ్ళిచూపులయిన దగ్గర్నుంచి ఆ పిల్ల గిన్నెలు సర్దుతూ కూడా పాటలు పాడుతోంది. ఇవాళ పాట లేదు.

"మూడేళ్ళ కిందట పాత జాతకాల ప్రోగ్రాం తీయించి కొత్త సీడీ వేయించానన్నారు కదండి," అన్నాడు ఆశీర్వాదం. "తీసినోళ్ళు పైపైన తీశారు. దాని ముక్కలు లోపలే ఉండిపోయినాయి. మిషను లేచినప్పుడల్లా పాత జాబితా పట్టుకుని పేరుపేరునా పిలుస్తది. పలకడానికి అక్కడ ఎవరూ లేరు. అదే ఈ ఇంటూ."

సిద్ధాంతిగారికి ఒళ్ళు జలదరించింది. "అంటే, దేహం పోయినా వాసనలు పోలేదన్నమాట."

"మీరు అలాగే అనుకోండి."

అది ఆయన నలభై ఏళ్ళుగా పదిమందికీ చెబుతూ వచ్చిన మాట. ఇప్పుడు చూస్తే, మీట నొక్కిన ప్రతిసారీ యంత్రానికీ ఒక జన్మే. జన్మ ఎత్తగానే పాత వాసనలు లేచి కూర్చుంటాయి. చెప్పడమే గానీ, ఇన్నేళ్ళలో దాన్ని కళ్ళారా చూసింది ఇవాళే. ఆయన కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడ్డారు. ఆ పని జరుగుతుండగా కూర్చోవడానికి మనసొప్పలేదు.

ఆశీర్వాదం జాబితా తెరిచాడు. చీమల బారుల్లా ఇంగ్లీషు అక్షరాలు. ఒక్కో వరుస మీదా వేలు పెట్టి చదివాడు. మొదటి ముక్క తీసి, ఆర్పి వెలిగించాడు. పెట్టెలు రెండే వచ్చాయి. రెండోది తీసి, ఆర్పి వెలిగించాడు. ఒకటే వచ్చింది. మూడోదాని దగ్గర చెయ్యి ఆపాడు.

"ఇక్కడ పొరపాటు పడితే మిషను మళ్ళీ లేవదండి."

ఆశీర్వాదం కళ్ళు మూసుకుని లోలోపల ప్రభువుని తలుచుకున్నాడు. సిద్ధాంతిగారు పైకే నరసింహస్వామిని తలుచుకున్నారు. ఇద్దరిలో ఎవరి దేవుడు విన్నాడో గానీ, మూడోదీ తీసి వెలిగించేసరికి ఈసారి తెర చప్పుడు లేకుండా తెరుచుకుంది. పెట్టె లేదు, ఇంటూ లేదు. సిద్ధాంతిగారి కళ్ళు చెమర్చాయి. ఎదుటివాడు వయసులో చిన్నవాడన్న సంగతి కూడా మరిచి రెండు చేతులూ జోడించారు.

"దీన్ని రిపేరు అంటారేంటండీ ఆశీర్వాదంగారూ. మోక్షం ఇప్పించారు."

"అంత మాటొద్దండి," అంటూ ఆశీర్వాదం సిగ్గుపడిపోయి మిషను ఆర్పేశాడు.

పది కొట్టేసరికి సూర్యకుమారి కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. మంచినీళ్ళు తాగి, కంప్యూటర్‌కి ఎదురుగా గర్భగుడి ముందు కూర్చున్నంత భక్తిగా కూర్చుంది. సిద్ధాంతిగారు గడియారం చూసి, ఘడియ చూసి, మీట నొక్కారు. నిశ్శబ్దంగా తెర వెలిగింది. పేర్లు, నక్షత్రాలు కొట్టగానే చక్రాలు రెండూ పక్కపక్కన నిలిచాయి.

"చూడండి చెల్లెమ్మగారూ. ముప్పై ఆరు గుణాలకి ముప్పై ఒకటి. నా సర్వీసులో ఇంత పొంతన చూళ్ళేదు."

భరద్వాజ దించిన తల ఎత్తకుండానే నవ్వాడు. కర్టెన్ వెనక గాజులు గలగలమన్నాయి. సూర్యకుమారి మాత్రం తెరకేసి చెవి ఒగ్గి అలాగే కూర్చుంది. ఒక నిమిషం గడిచింది, రెండో నిమిషమూ గడిచింది.

"ఇంకేం లేదాండి?" అంది చివరికి.

"ఇంకేం ఉంటుందమ్మా, అంతా శుభమే."

ఆవిడ నిట్టూర్చి లేచింది. "పదరా భరద్వాజా" అంటూ కొడుకు భుజం తట్టి గుమ్మం దాకా నడిచి, చెప్పుల్లో కాళ్ళు పెడుతూ వెనక్కి తిరిగింది.

"మీకు గుర్తుందో లేదో అన్నయ్యగారూ, రెండేళ్ళ కిందట మా పెద్దాడి పొంతన కూడా ఇక్కడే చూపించాం. అప్పుడు మీ మిషను బల్లి సత్యం పలికినట్టు మూడుసార్లు పలికి, పలికినప్పుడల్లా ఎర్రగా కుంకంబొట్టు చూపించింది. మీ దివ్యకి ఒక్కసారి కూడా పలకలేదు."