మగ్గాల అదురు

పెరియసామి ఇంట్లో కొత్త కంప్యూటర్ మళ్ళీ మొరాయించింది. ఆట మొదలైన కాసేపటికే కార్లు ఎక్కడివక్కడ నిలబడిపోయి, తెర నల్లబడిపోతోందట.

అరుళ్ బండి ఆపగానే తెల్లకుక్క గేటు దగ్గరికి లేచి వచ్చింది. పరాయి మనిషిని గేటు దాటనివ్వని జాతి అది. అరుళ్ చెయ్యి నాకి, తోక ఊపుకుంటూ ముందు నడిచింది.

వసారాలో పెరియసామి చేతిలోని పేపరు దించలేదు. ఇంటి వెనక షెడ్డులో బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గాలు ఆయనవే. వాటి మోతకు ఆ ఇంట్లో అందరికీ గట్టిగా మాట్లాడడం అలవాటు.

"నువ్వు బిగించిన మిషనని ఇంకో అంగడివాడు చెయ్యి పెట్టనంటాడు. లేకుంటే నిన్ను పిలిచే పనే లేదు," అన్నాడు. "ఇదే కడసారి. మళ్ళీ నిలిచిపోయిందంటే దీన్ని ఎత్తి బయట పెట్టేసి, మదురైనుంచి రెడీమేడ్‌ది తెప్పిస్తా."

"సరి అయ్యా," అన్నాడు అరుళ్. ఈమధ్య ఆయన్ని అయ్యా అనే పిలుస్తున్నాడు.

రాజపాళయంలో అతనికి పనికేమీ కొదవలేదు. అయినా ఈ ఇంటి గడప తొక్కే వీలు మాత్రం పోగొట్టుకోదలచలేదు.

పెరియసామి మనవరాలు కళైసెల్వి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. నాలుగో తరగతి. మిషను బిగించిన రోజున స్క్రూలన్నీ అందించింది ఆ పిల్లే. ఇదేంటి, అదెందుకు అని అడిగి అడిగి ప్రాణం తీసింది. ఇప్పుడు మాత్రం తాత వైపు ఒక చూపు చూసి, నోరు మెదపకుండా కుర్చీ పక్కకు జరుపుకుంది.

అరుళ్ సీపీయూ పక్కరేకు విప్పాడు. మొదటిసారి వచ్చినప్పుడు లోపల కరెంటు వైరు వదులైంది. ఆ తర్వాతిసారి ర్యామ్ ముక్క గాడిలోంచి పైకి లేచింది. మగ్గాల అదురుకు కదిలిపోతున్నాయని చెప్పి, నొక్కి బిగించి వెళ్ళాడు. పెరియసామీ నమ్మాడు. గోడకు కొట్టిన మేకులే ఆ అదురుకు ఊడివచ్చే ఇల్లు అది.

ఈసారి వైరూ ర్యామూ రెండూ గట్టిగానే ఉన్నాయి. ప్రాసెసర్ మీది ఫ్యాను తిరగడం లేదు. టార్చి వేసి చూస్తే రెక్కల సందున దూది కనిపించింది. షెడ్డులోంచి ఎగిరొచ్చి ఉంటుందనుకుని బయటికి లాగాడు.

ఎగిరొచ్చిన దూది ముద్దలా ఉంటుంది. ఇది సన్నగా నలిపిన వత్తి. శుక్రవారం దీపానికి ఆ ఇంట్లో వత్తులు చేసేది కళైసెల్వి.

పిల్ల తల దించుకుంది. అరుళ్ వత్తిని గుప్పిట్లో మూశాడు.

"ఏముండాది లోపల?" అన్నాడు పెరియసామి వసారాలోంచి.

ఉన్నది చెబితే పిల్లకు దెబ్బలు పడతాయి. వత్తిని మళ్ళీ అక్కడే పెట్టేస్తే మిషను ఆగిపోయి వీధిలో పడుతుంది.

"దూది అయ్యా. మగ్గాలనుంచి వచ్చి అడ్డం పడినాది," అన్నాడు అరుళ్, వత్తిని జేబులో వేసుకుంటూ. "వారానికోసారి తుడవాల. నేనే వచ్చి తుడిచిపోతా."

"తుడిచేదానికి నువ్వెందుకు? మగ్గంకాడ ఆడమనిషి ఉండాదే, తుడుస్తది."

లోపలినుంచి గాజుల చెయ్యి ఒకటి కిటికీలో కాఫీ పెట్టి, వెంటనే వెనక్కి వెళ్ళిపోయింది. అతనికి కావలసినట్టే చక్కెర లేని కాఫీ.

ఆట పెట్టి చూశారు. ఫ్యాను చక్కగా తిరిగింది. కార్లు ఎక్కడా ఆగకుండా చివరిదాకా పరుగెత్తాయి. కళైసెల్వి కారే ముందు వచ్చింది. పిల్ల కళ్ళనిండా నీళ్ళు.

పెరియసామి పేపరు మడిచాడు. "బాగయిపోయినాది గదా. ఇంక నువ్వు రావద్దు."

అరుళ్ సామాను సర్దుకుని బయటికి వచ్చాడు. బండి తిప్పుకుంటుంటే, కుక్కను కట్టేసే వంకతో కళైసెల్వి గేటు దాకా పరుగెత్తుకొచ్చింది. మగ్గాల మోతలో తాతకు వినిపించదని చూసుకుని, కమ్మీల సందులోంచి మెల్లగా అడిగింది.

"ఇంకేమి చెడగొడితే వస్తావు, నాన్నా?"