ఊదేసిన గ్యాసు

సింధూజ మైకు అందుకోగానే, వేదిక మీదున్న ఉమాకాంత్ సేటు తన ముందరి మైకు బంద్ చేసుకున్నాడు. మళ్లీ ఒకసారి నొక్కి చూసుకున్నాడు. జాగ్రత్త మనిషి.

గోడాదరా బస్తీలో నేత సంఘం హాలు అది. నిండా మరమగ్గాల మీద పనిచేసేవాళ్లే. ముందు ఖగోళశాస్త్రం చదువుతున్న సింధూజ ప్రసంగం, తర్వాత అధ్యక్షుడి ఎన్నిక. బరిలో సేటు ఒక్కడే. సగం చేతులు లేస్తే కుర్చీ ఆయనది. ఆ కుర్చీ కోసం కొత్త సఫారీ కూడా కుట్టించాడు.

సేటు నూలు అమ్మి మేడలు కట్టాడు. పడుగూ పేకల్లో ఆయనకు తెలిసింది పేక ఒక్కటే, అదీ ఆడే పేక. మోత పడదని మగ్గాల షెడ్డులో ఏనాడూ కాలు పెట్టలేదు.

"విశ్వం పసితనంలో గెలాక్సీల నిండా గ్యాసే. దాంతోనే జల్దీ జల్దీ నక్షత్రాలు పుట్టినయి," అంది సింధూజ.

సేటు హాలువైపే చూస్తూ, చిరునవ్వు చెదరకుండా, పక్కనున్న కార్యదర్శి రాంప్రసాద్‌తో గొణిగాడు.

"గెలాక్సీ అంటే నా జేబుల ఉన్న ఫోను. గీ పోరి పట్టపగలే మనకు చుక్కలు సూపెడుతున్నది!"

"ఆ నక్షత్రాల గాలులే మిగిలిన గ్యాసును బయటికి ఊదేస్తయి. మరీ ఎక్కువ ఊదేస్తే కొత్త చుక్క పుట్టనీకి ఏం మిగలదు," అంది సింధూజ మైకులో.

"గ్యాసా? జర వాము నమలమను! అయినా గీ గొర్ల మందకు గెలాక్సీలెందుకు? సమోసా ఏస్తే చెయ్యెత్తుతరు. ముందల ఆ ఐలమ్మను సూడు, బర్రెకు బయస్కోపు సూపెట్టినట్టే ఉన్నది."

"సేటూ, జర మెల్లగ."

"మైకు బందున్నది. ఈ ఫ్యాన్ల చప్పుడుకు నా మాట నాకే ఇనవడ్తలేదు. సూడు, అందరి కండ్లు నా మీదనే!"

నిజమే. తెర మీద గెలాక్సీలు గిర్రున తిరుగుతున్నా, హాలంతా సేటునే చూస్తోంది. సేటు కాలరు సర్దుకున్నాడు.

ప్రసంగం అయింది. చప్పట్లు దద్దరిల్లాయి. రాంప్రసాద్ లేచాడు.

"ఉమాకాంత్ సేటు అధ్యక్షుడు గావాలె అనేటోళ్లు చెయ్యెత్తుండ్రి."

ఫ్యాన్లు తిరిగాయి. ఒక్క చెయ్యి లేవలేదు. సగం లేచిన రాంప్రసాద్ చెయ్యి కూడా దారి మార్చుకుని తల గోక్కుంది.

సేటు మైకు వంక చూశాడు. బందే ఉంది.

"ఏందే ఐలమ్మా, ఏమైంది మీకు? నేనేమన్న అన్నట్టు ఇనవడ్డదా?"

"లేదు సేటూ, ఒక్క ముక్క ఇనవడలే," అంది ఐలమ్మ తాపీగా. "మగ్గాల మోతల జిందగీ అంత మాకు ఎవల మాట ఇనవడ్డది గనుక, మూతులు సూసే సమజు చేసుకుంటం!"