పరదా వెనక పలికిన హూఁ

కోడలి చీరలను మైమూన్ బీ రెగ్జిన్ సంచిలోకి కుక్కుతోంది. మడత పెట్టే ఓపిక కూడా లేదామెకు. ఖైరున్నీసా గోడవారగా నిలబడి, తన బట్టలు ఒక్కొక్కటే సంచిలోకి పోవడం చూస్తోంది. నికా నాటి గోరింట ఆ పిల్ల గోళ్ళ మీద ఇంకా చెరగలేదు.

"కుప్పం బస్సు వచ్చే వేళయింది. మీ నాయనకు సెప్పు, పుంగనూరోళ్ళు అంత తేరగా దొరకలేదని," అంది మైమూన్ బీ.

తనను మోసం చేశారన్నదే ఆమె మంట. పిల్లను చూడబోతే తల ఎత్తలేదు. సిగ్గు అన్నాడు తండ్రి అబ్దుల్ వహాబ్. నికా రోజు పెళ్ళికూతురి మాట అడిగి తెచ్చే వకీలూ సాక్షులూ పరదా ఇవతల నిలబడి సమ్మతమేనా అని అడిగితే, లోపలి నుంచి "హూఁ" అంది. పెళ్ళికూతురు అంతకు మించి పలికితే వాళ్ళలో నోటి దురుసంటారు. కాపురానికి వచ్చాక బయటపడింది. పప్పు అంటే మమ్ము అని వినబడుతుంది. నీళ్ళు తాగితే ముక్కులోంచి కారతాయి. అందుకే గోడవైపు తిరిగి తింటుంది. సరిగ్గా పలికేది "అమ్మా" ఒక్కటే. వీధి పిల్లలు అప్పుడే వెక్కిరించడం మొదలుపెట్టారు.

గిన్నెలకు కళాయి పూసే కొట్టు మూసి నూరుల్లా ఇంట్లోకి వచ్చాడు. సంచి వైపు చూసి, తల్లి చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు. చీరలన్నీ బయటికి తీసి, మడతలు పెట్టి, మళ్ళీ సర్దసాగాడు.

"కుప్పానికి కాదమ్మా. మదనపల్లె ఆసుపత్రికి. పోయిన వారం సూపించుకొని వచ్చినాను. ఆపరేషన్ చేస్తామన్నారు."

"నాలుక మందమైతే వస కొమ్ము అరగదీసి రాస్తారు. ఆపరేషన్ యాల?"

నాలుకకు ఏ లోపమూ లేదన్నాడు నూరుల్లా. డాక్టరు ఆమె ముక్కు కింద అద్దం పెట్టి, పాప అనమన్నాడట. అద్దం మీద ఆవిరి కమ్మింది. పాప అన్నప్పుడు ముక్కులోంచి గాలి రాకూడదట.

"ఊపిరి గొంతులోకి వచ్చి ఆడ సన్న పొరల్ని అదిలిస్తాది. అప్పుడు శబ్దం పుడతాది. అంగిలి వెనక మెత్తగా ఉండే కండ పైకి లేచి ముక్కుదారి మూస్తేనే నోట్లో గాలి నిలబడేది. ఆ గాలిని పెదాలతో బిగబట్టి వదిలితే ప, బ. ఈమెకు ఆ కండ పుట్టుకతోనే చీలిపోయుండాది. మ, న అనేదానికి గాలి ముక్కులోంచే పోవాల. అందుకే అవి మటుకు వస్తాండాయి. హూఁ కూడా అంతే."

మైమూన్ బీ మొహం ఎర్రబడింది. "అంటే, హూఁ ఒక్కటే వచ్చే పిల్లను, హూఁ ఒక్కటే అడిగే కాడ కూసోబెట్టినారు. ఇది మోసం గాక ఏమప్పా?"

"మనం అడిగింది అదే, ఆమె సెప్పింది అదే. మాట్లాడించి సూద్దామని మనకే తోచలేదు."

ఖైరున్నీసా మొదటిసారి తలెత్తి భర్త వైపు చూసింది.

అతను తన చొక్కాలు కూడా సంచిలో పెట్టుకున్నాడు. నీవి యాల అని తల్లి అడిగితే, ఎన్నాళ్ళు పడుతుందో తెలియదన్నాడు. తల్లిని రావద్దన్నాడు. కొట్టుకు వచ్చినవాళ్ళు గిన్నెలు ఇస్తూ తన భార్యలా ముక్కుతో మాట్లాడి నవ్విపోతున్నారని, అది ఇంక పడలేనని మాత్రం అన్నాడు. మైమూన్ బీ గడప దాటి సాగనంపలేదు.

వారాలు గడిచాయి. కొట్టు తలుపు తెరవలేదు, కబురు లేదు. పెళ్ళాం మంచం పట్టుకొని కూర్చొని కన్నతల్లిని మరిచాడని మైమూన్ బీ కుతకుతలాడింది. ఒకరోజు పక్కింటి జయమ్మ నవ్వుతూ, మీ మూగ కోడలు యాడ అని అడిగింది. ఆ మాటతో ఆమె కోపం దారి మళ్ళింది.

"మూగది కాదు. అంగిలి చీలితే నీ నోట్లో మాత్రం గాలి నిలస్తాదా? నీకు పుట్టుకతో అన్నీ సరిగ్గా ఉండాయి, వాటితో నువ్వు పలికేది ఇదా?"

మర్నాడే రాగిగంజి కాచి, క్యారియర్‌లో పోసుకొని మదనపల్లె బస్సెక్కింది.

వార్డులో కిటికీ పక్క మంచం మీద ఖైరున్నీసా కూర్చొని ఉంది. చిక్కిపోయింది. అత్తను చూడగానే లేచి కొంగు తల మీదికి లాక్కుంది. మైమూన్ బీ గంజి గ్లాసులో పోసి ఇచ్చింది. ఆ పిల్ల గోడవైపు తిరగకుండా, ఎదురుగానే తాగింది. ముక్కులోంచి చుక్క రాలేదు.

"వాడు యాడ?" అంది మైమూన్ బీ.

ఖైరున్నీసా గ్లాసు పక్కన పెట్టింది. పెదాలు బిగించింది. బుగ్గల్లో గాలి నిండింది.

"బజారుకు పోయినాడు."

నిదానంగా, కొంచెం ముక్కుతో వచ్చిన మాటే. కానీ బ పెదాల మీద తెగింది. ప పేలింది. మైమూన్ బీ చేతిలోని క్యారియర్ మూత జారి కిందపడింది.

"మళ్ళీ సెప్పు తల్లీ."

"బజారుకు పోయినాడు."

ఇంకోసారి చెప్పించుకుంది. పక్క మంచం ఆమెను లేపి మరీ వినమంది. నా కోడలికి మాట రాదన్నవాళ్ళ నోళ్ళు కుట్టేస్తానంది. ఖైరున్నీసా కళ్ళలో నీళ్ళు తిరిగితే, కుట్లు లాగుతున్నాయేమో, ఇంక చాలులే అంది.

"కుప్పం మాట మరిచిపో. వాడు వస్తానే ముగ్గురం ఇంటికి పోదాం," అంటూ మంచం పక్కన నేల మీద కూర్చొని గుమ్మం వైపు చూసింది.

ఆపరేషన్ జరిగిన 1977 ఆగస్టు మూడో తేదీ పొద్దుననే బజారుకని చెప్పి వెళ్ళిపోయిన నూరుల్లా మళ్ళీ రాలేదు.