నెట్టుల లేని కొమురెల్లి

కొమురెల్లి మోకాళ్లు పనిచేస్తలేవని డాక్టరు రాయాలె. రాస్తే బొగ్గుబాయిల ఆయన నౌకరి కొడుకు ఉపేందర్‌కు వస్తది. చిక్కేందంటె, మోకాళ్లు బేషుగ్గ ఉన్నయి.

కొడుకుకు నౌకరి రావాలని మొక్కుకొని, మొన్ననే కొడుకును ఎంటబెట్టుకొని పద్దెనిమిదోసారి శబరిమల పోయిండు. నెత్తిమీద ఇరుముడితోని పెద్దపాదం అడవిదారంత ఉత్తకాళ్లతో నడిచిండు. "స్వామీ, నేను నడవలేనని డాక్టరు నోట పలికియ్యి" అని కొండెక్కి మరీ వేడుకున్నడు. దేవుడు ఏమనుకున్నడో ఏమో!

ఆడ ఉపేందర్ సెల్లుల ఒక ఫొటో తీసిండు.

"ఫేస్‌బుక్‌ల పెట్టినవో, కాళ్లిరగ్గొడ్త" అన్నడు కొమురెల్లి. "మెడికల్ బోర్డోళ్లు నెట్టుల ఎతుకుతున్నరట. గోలేటి బాయిల ఒకాయన, బిడ్డ పెండ్లిల డాన్సు చేసిన వీడియో చూసి డ్యూటీకి వాపసు పంపిండ్రట."

"గింత మంచి ఫొటో నాయినా! దోస్తులకన్న చూపియ్యద్దా?"

"నెట్టుల పెట్టనని ఒట్టెయ్యి."

ఒట్టేసిండు పాపం.

కొమురెల్లి భయం అంతా ఇంతా గాదు. రీచార్జికి పోతే, చిట్టీ మీద రాసిచ్చిన సెల్ నెంబరు మళ్ల గుంజుకొని చింపెటోడు. బట్టల దుకాణంల పేరడిగితే రోజుకో పేరు చెప్పెటోడు. ఆఖరుకు మొగని అసలు పేరేందో లింగవ్వకే అనుమానమొచ్చింది.

బోర్డు రోజు నెత్తినిండ చెద్దరి కప్పుకొని, ఆటోల మూలుక్కుంట దవాఖానకు పోయిండు. కట్టె పట్టుకొని అడుగడుక్కు "అవ్వా" అన్నడు. హెడ్డాఫీసు నుంచి వచ్చిన డాక్టరు మోకాలు ముట్టకముందే కెవ్వుమన్నడు.

డాక్టరు నవ్విండు. "పద్దెనిమిదోసారి పెద్దపాదం నడిచారట కదా, గురుస్వామీ? ఉపేందర్ మీ అబ్బాయేనా? ఫొటోలో బాగున్నారు. వెళ్లి డ్యూటీ చేసుకోండి."

కొమురెల్లి నెత్తిమీద పిడుగు పడ్డది. కట్టె ఆడనే ఇడిసిపెట్టి, ఎనుక గేటు నుంచి ఉరికిండు. శ్యామ్ ఇంటర్నెట్ సెంటర్ దాక ఆగలె. పటం కట్టిద్దామని ఆ ఫొటో ప్రింటు తీయించింది ఆడనే మరి. డాక్టరు కిటికీల నుంచి ఆ ఉరుకుడు కండ్లార చూసిండు.

"నా ఫొటో ఎవనికి అమ్ముకున్నవ్‌రా? నా కొడుకు నౌకరి బుగ్గిజేసినవ్!" అని శ్యామ్ కాలర్ పట్టుకున్నడు.

శ్యామ్ తెనాలి నుంచి బతకనీకె వచ్చిన పిల్లగాడు. కొమురెల్లి పేరు కంప్యూటర్ల కొట్టి, పైనా కిందా ఎతికి, "నెట్లో మీరు లేరు బాబాయ్. అసలు మీరు పుట్టిన ఆనవాలే లేదండీ" అన్నడు.

అంతల ఉపేందర్ చెమట తుడుచుకుంట లోపటికొచ్చిండు. భుజం మీద సుతిలి తాడు ఏలాడుతున్నది. మొఖమంత సంబురమే.

"నాయినా, చూసినవా? నీ ఒట్టు తప్పలె, నెట్టు జోలికే పోలె. పొద్దుగాల్నే నీ ఫొటోతోని లారీ అంత ఫ్లెక్సీ దవాఖాన గేటుకు కట్టిన, కింద నీ సెల్ నెంబరు గూడ ఏయించిన!"