గోడ పక్క సిస్టం

తిమ్మరాజు కారు మళ్లీ గోడకు గుద్దుకుని పల్టీ కొట్టింది. తెర మీద కూతురు పవిత్ర పేరు పైకెక్కింది, ఆయన పేరు కిందికి దిగింది.

“ఇది చెల్లదు” అన్నాడు తిమ్మరాజు కీబోర్డు పక్కకు తోసేసి. “ఆట పిచ్చిపట్టినట్టు పరిగెత్తుతాండాది. అంతా నీ కంప్యూటర్లో బిగించిన కొత్త కార్డు మోసం.”

“మోసమేముండాది నాయనా? నేనూ దీంట్లోనే ఆడినా, గెలిచినా. రేపు పొద్దున్నే బెంగళూరు బస్సెక్కుతాండా.”

“యాడికి పోయేది? కూర్చో ఆడ!”

పవిత్రకు బెంగళూరులో కంప్యూటర్ ఆటలు తయారుచేసే కోర్సులో సీటొచ్చింది. చేరడానికి రేపే ఆఖరు. హిందూపురంలో బీకాం చాలని తిమ్మరాజు పట్టు. వారం కిందట అన్నం తింటూ, “ఆటలు తయారుచేసే మొగం చూడు! ఆ పాత కార్ల రేసులో నన్ను ఓడించు, అప్పుడు పో” అన్నాడు. నోరు జారి అన్నది కాదు. ఓడిపోతానని కలలో కూడా అనుకోని మనిషి నిండు ధైర్యంతో అన్న మాట. పెళ్లికి ముందు పెనుకొండలో భార్య రాధ నడిపిన నెట్ సెంటర్లో ఆ ఆట ఆడి ఆయన్ని ఓడించినవాడు లేడు. ఇప్పుడు కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తున్నా, అక్కడి కార్ల కంటే ఆ బొమ్మ కారు గురించే ఎక్కువ చెబుతాడు.

పందెం మాట అన్న మరునాడే హిందూపురం నుంచి కంప్యూటర్ షాపు సాల్మన్ వచ్చి, పవిత్ర కంప్యూటర్లో కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించిపోయాడు. కొన్నాళ్లు వాడుకోమని ఊరికే ఇచ్చాడట. అంతవరకు ఆ పాత ఆట అందులో తెరుచుకునేదే కాదు.

“కార్డు ఎంత మంచిదైనా ఈ ఆట తన అసలు వేగం దాటదు నాయనా. ఇట్ల సూడు.” పవిత్ర ఫోన్లో టైమర్ పెట్టింది. ఆటలోని గడియారంలో నిమిషం గడిచేసరికి ఫోన్లోనూ సరిగ్గా నిమిషమే గడిచింది.

“ఫోను గూడా నీదే కదా” అన్నాడు తిమ్మరాజు.

రాధ గడప దగ్గర కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది.

“ఏమే రాధా, నా సిస్టం యాడుండాది? అటక మీదనే కదా? దాంట్లో ఆడతా. అప్పుడు తెలుస్తాది ఎవురు ఎవురో!”

“ఆడనే ఉండాది. దించుకో” అంది రాధ.

నెట్ సెంటర్ మూసేసినప్పుడు మిగతా సిస్టంలన్నీ పాత సామాన్లవాళ్లకు పోయాయి. తిమ్మరాజు రోజూ కూర్చునే గోడ పక్క సిస్టం ఒక్కటే రాధ ఇంటికి తెచ్చుకుంది. ఏటా ఆయుధపూజకు దాన్ని దించి, తుడిచి, బొట్టు పెట్టి, ఒకసారి ఆన్ చేసి, పాత చీరలో చుట్టి మళ్లీ ఎక్కిస్తుంది. ఆ ఇంట్లో బైకుకు, మిక్సీకి ఎంత మర్యాదో దానికీ అంతే.

చీర విప్పారు. పోయిన దసరా నాటి కుంకుమ ఇంకా అంటుకునే ఉంది. సిస్టం గుర్రుమంటూ లేచింది. పవిత్ర టైమర్ నొక్కింది. తిమ్మరాజు కారు కదిలింది.

ఇక చూడాలి ఆయన్ని! కారు చెప్పినట్టల్లా విన్నది. ఒక్క మలుపు తప్పలేదు, ఒక్క గోడ తగల్లేదు. ఆట ముగిసేసరికి తెర మీద పడిన టైము పవిత్ర టైము కన్నా తక్కువ.

“చూస్తివా! నేను గెలిచినా. హిందూపురం, బీకాం. అయిపాయ!”

పవిత్రకు ఏడుపు ముంచుకొచ్చింది. తలవంచుకుని టైమర్ ఆపబోయి, ఆగిపోయింది.

“నాయనా, ఆటలో ఒకటిన్నర నిమిషం. ఫోన్లో మూడు నిమిషాలు!”

“అంటే?”

“ఈ సిస్టంలో ఉండే పాత కార్డుకు చేతగాక ఆట ఈడ్చుకుంటా పోతాండాది. దాంతోపాటు ఆటలో గడియారం గూడా. మలుపు వచ్చేలోపల నువ్వు టీ తాగి రావచ్చు. ఇట్ల ఆడితే ఎవురైనా గెలుస్తారు.”

తిమ్మరాజు మొహం పాలిపోయింది. అయినా తగ్గలేదు. “అయితే ఏం? ఆ పొద్దు అందరూ ఇట్లాటి డొక్కు సిస్టంల మీదనే ఆడిరి. నన్ను ఎవురూ దాటలేకపోయిరి కదా! ఏమే రాధా, నువ్వు చెప్పు. అన్నీ ఇట్లాటివే కదా?”

చెనక్కాయలు ఒలిచే చేయి ఆగింది.

“కాదు. అదొక్కటే” అంది రాధ. “అది ఆటలకు పనికిరాదని సాల్మన్ అప్పుడే చెప్పినాడు.”

“మరి నేను ఎప్పుడొచ్చినా నాకు అదే ఎందుకు ఇస్తాంటివి?”

రాధ తల ఎత్తలేదు. ఇరవై ఏళ్ల కాపురం తర్వాత కూడా ఆ మాట చెప్పడానికి ఆమెకు సిగ్గేసింది.

“ఓడిపోతే మళ్లా సెంటర్‌కు రావేమోనని.”

పవిత్ర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తిమ్మరాజు చాలాసేపు ఆ కుంకుమ బొట్టు వైపే చూస్తూ కూర్చున్నాడు. కోపం తెచ్చుకుందామంటే రాలేదు. చివరికి ఎవరో ఒకరి మీద చూపించాలి కాబట్టి, “అంతా ఆ సాల్మన్ గాడు చేసింది. వాడా కార్డు ఇయ్యకుంటే ఈ రచ్చే ఉండేది కాదు” అని గొణిగాడు.

రాధ ఇంకో చెనక్కాయ చిదిపింది.

“వాణ్ని ఎందుకు అంటావు? పాప గెలవల్లని ఆ కార్డు కొనిచ్చింది గూడా నేనే.”