వెన్నచారల గన్నేరు

"గన్నేరాకు తినేదాంక ఏం జేస్తుంటివే? మారెమ్మకు మొక్కిన మేక అది!"

గోడ అవతల యమనూరప్ప భార్య మీద అరుస్తున్నాడు. ఇవతల వంటింట్లో రాజ్యలక్ష్మి చేతిలో గరిటె ఆగిపోయింది.

పెరట్లోకి పరుగెత్తి గోడ మీదుగా తొంగిచూసింది. నిన్న తను విసిరేసిన కొమ్మలు అక్కడ లేవు.

కన్నడ నేల మీద, కాలువ కింద వరి పండించే ఆంధ్రా రైతుల క్యాంపు అది. క్యాంపు మొత్తానికి గన్నేరు ఉన్న ఇల్లు రాజ్యలక్ష్మిదొక్కటే. కడియం నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది. నడుమెత్తు దాటని పొట్టి రకం. ఆకుల అంచున వెన్నరంగు చార, గుత్తులుగా గులాబీ పూలు.

కాలువ తేమకు వేరు కుళ్లకుండా మట్టి ఎత్తుచేసి నాటింది. చార లేని చిగురు కనిపిస్తే మొదలంటా తీసేసేది. వదిలేస్తే చెట్టంతా వట్టి పచ్చగా మారిపోతుంది మరి. పూత అయ్యాక కత్తిరించిన కొమ్మలను గోతిలో పూడ్చి, చేతులు సబ్బుతో కడుక్కునేది.

"దీని ఆకు నోట్లో పడితే మేకైనా ఆవైనా బతకదే" అని యమనూరప్ప భార్య నింగవ్వకు చెప్పింది కూడా తనే.

నిన్న చుట్టాలొచ్చారు. గొయ్యి తవ్వే తీరిక లేక కొమ్మలను గోడవతల పారేసింది.

నింగవ్వ వీళ్ల పొలంలో నాట్లకు వస్తుంది. తల్లి చచ్చిన ఆ మేకపిల్లను సీసాపాలు పట్టి పెంచింది. ఆమె ఎక్కడికి వెళ్తే అదీ వెనకే.

రాజ్యలక్ష్మి వెళ్లేసరికి నింగవ్వ ఖాళీ గుంజ దగ్గర కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

"నింగవ్వా... ఆ కొమ్మలు..."

"నువ్వేం జేస్తవమ్మా. కాలువ గట్టుకు పాతిపెట్టొచ్చిన. గా మాట ఇడిసిపెట్టు." ముఖం తిప్పుకుంది.

తిట్టినా బాగుండేదనిపించింది రాజ్యలక్ష్మికి.

 తర్వాత వెనకాల మేక లేకుండా నింగవ్వ ఒంటరిగా పనికి వస్తుంటే చూడలేకపోయేది. టీతో పాటు గారెలో, జంతికలో పెట్టేది. "నాకొద్దమ్మా" అని నింగవ్వ తల దించుకునేది. అది కోపమే అనుకుని రాజ్యలక్ష్మి ఇంకా కుంగిపోయేది.

ఈలోగా గన్నేరు మళ్లీ విరగబూసింది. ఆ గులాబీ గుత్తులు కనపడకుండా పెరటి తలుపు మూసేసేది. ఒక పొద్దున గునపం తీసింది.

"మతి పోయిందా నీకు? ఇన్నేళ్లు చంటిబిడ్డలా సాకి ఇదేం పని?" అన్నాడు భర్త శ్రీరాములు.

"ఇంకో ప్రాణం పోకూడదండీ."

వేళ్లతో సహా పెకలించి, ముక్కలు చేసి పూడ్చేసింది. చేతులు కడుక్కుని తిన్నగా నింగవ్వ ఇంటికి వెళ్లింది.

"ఆ కొమ్మలు పారేసింది నేనేనే. నీ మేకను చంపింది నేనే. చెట్టు పీకేశాను నింగవ్వా. నన్ను క్షమించు."

నింగవ్వ చేతిలో చేట జారిపోయింది.

"పీకేసినవా?"

పరుగున వచ్చి పెరట్లో గుంత చూసింది. అక్కడే కూలబడి, వెనకే వచ్చిన రాజ్యలక్ష్మి కాళ్లు పట్టుకుంది.

"జాతరల కోయనీకి పాణం ఒప్పక, మేకను కవితాళ ఊర్ల మా అక్కింట్ల దాచిపెట్టి, నింద నీ చెట్టు మీద ఏసిన తల్లీ!"